తొమ్మిదడుగుల తెల్లగుడ్డ ముందు: 1908 మూసీ వరద చిత్రాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లగుడ్డ (చిక్కడపల్లి) | ఆదివారం, రాత్రి 10:40

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక పాఠశాలలో చిత్రలేఖనం చెబుతూ, ఇరవై ఏళ్లుగా నీటిరంగులతోనూ, రెండడుగులకు మించని నూనెరంగుల బొమ్మలతోనూ కాలం గడుపుతున్నదాన్ని. నెలన్నర కిందట, ఏ ధైర్యం పుట్టిందో గానీ, తొమ్మిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న చట్రాన్ని గదిలోనే బిగించి, కాన్వాసు సాగదీసి కొట్టించి, రంగు పట్టడానికి వేసే తెల్లపూత, జెస్సో, మూడుసార్లు వేసి, ఆరిన తరువాత సన్న ఉప్పుకాగితంతో రుద్ది సిద్ధం చేసుకున్నాను. అది ఇప్పటికీ అలాగే తెల్లగా నిలబడి ఉంది. పొద్దున దాని ఎదుట కూర్చుని కాఫీ తాగుతాను, సాయంత్రం బడి నుంచి వచ్చి దాని మీద దుమ్ము తుడుస్తాను. ఇంతవరకు జరిగిన పని అదే.

నేను వేయదలచుకున్నది 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఈ నగరంలో పుట్టి పెరిగినవారికి చెప్పనక్కరలేదు గానీ, ఆ సోమవారం నాడు నది పొర్లినప్పుడు, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మందికి పైగా బతికి బయటపడ్డారు. వరదలో పోయినవారు పదిహేను వేల మంది అని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు ఒకసారి దాని కింద నిలబడి పైకి చూసినప్పటి నుంచి ఈ బొమ్మ నా తలలో ఉంది, చేతిలోకి మాత్రం రావడం లేదు.

ముప్పై దాకా చిత్తుబొమ్మలు వేశాను. ప్రతి దానిలోనూ చెట్టు నడిమధ్యన, కొమ్మకొమ్మకూ మనుషులు, కింద నీళ్లు. అన్నీ కిరాణాకొట్టు క్యాలెండరు బొమ్మల్లాగే తయారయ్యాయి. చేతకాని పనికి పూనుకున్నానా, లేక ఆలోచన ఒక కొలిక్కి రాకముందే తొందరపడి గుడ్డ బిగించానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పెద్ద చిత్రాలు వేసినవారు మొదటి గీతకు ముందు ఏం చేస్తారో దయచేసి చెప్పండి. ధైర్యంగా మొదలుపెట్టమని మా ఇంట్లోవాళ్లు రోజూ చెబుతూనే ఉన్నారు కాబట్టి, అది తప్ప మరేదైనా చెప్పండి.

నీలిమందు (మాసాబ్‌ట్యాంక్) | ఆదివారం, రాత్రి 11:55

అమ్మా, నేను ముప్పై ఏళ్లు చిత్రకళ బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీకు ధైర్యం చెప్పను, లెక్క చెబుతాను.

ఎదిగిన చింతచెట్టు యాభై, అరవై అడుగులు ఉంటుంది. ఆరడుగుల ఎత్తు గుడ్డలో పైన కాస్త ఆకాశం, కింద కాస్త నీరు వదిలితే చెట్టుకు మిగిలేది ఐదడుగులు. అంటే సుమారు పదకొండో వంతు. ఐదున్నర అడుగుల మనిషి ఆ లెక్కన ఆరంగుళాలకు కుదించుకుపోతాడు, అతని తల ముప్పావు అంగుళం. ముప్పావు అంగుళం తలలో భయాన్ని ఎలా వేస్తారు? వేయలేరు. అందువల్ల మీరు మనుషుల్ని చుక్కల్లాగా చల్లుతారు, చూసేవాడు చెట్టును చూస్తాడు, మనుషుల్ని లెక్కపెడతాడు. మీ చిత్తుబొమ్మలు క్యాలెండరు బొమ్మలు కావడానికి కారణం మీ చేతిలో లేదు, ఈ కొలతలో ఉంది.

దీనికి తోడు, చెట్టు నిలువు వస్తువు, మీ గుడ్డ అడ్డం. ఆ రెండింటికీ పొత్తు కుదరక చెట్టుకు అటూ ఇటూ మూడేసి అడుగులు ఖాళీ మిగిలి, దానిని నింపడానికి మీరు కొట్టుకుపోతున్న పైకప్పులూ, పశువులూ వేసి ఉంటారు. అవునా? కాబట్టి నా మొదటి ప్రశ్న ఇది: మీరు చెట్టును వేస్తున్నారా, చెట్టు మీది మనుషుల్నా? మనుషులే అయితే ఒక్క పెద్ద కొమ్మను అడ్డంగా తీసుకోండి. మనుషుల్ని నిజం కొలతలో సగానికి వేసినా ముఖం నాలుగైదు అంగుళాలు వస్తుంది, పది, పదిహేను మంది పడతారు. మిగిలిన నూట ముప్పై మంది చట్రానికి బయట ఉంటారు, వాళ్ల పాదాలు మాత్రం పై అంచు నుంచి వేలాడవచ్చు.

పద్దెనిమిది అంగుళాలకు పన్నెండు కొలతలో ఒక చిత్తుబొమ్మను పూర్తి రంగులతో వేయండి. నిష్పత్తి అదే, పెంచవలసింది ఆరు రెట్లు. ఒక హెచ్చరిక ఏమిటంటే, చిన్నదానిలో పావు అంగుళం తేడా పెద్దదానిలో ఒకటిన్నర అంగుళాలు అవుతుంది, భుజం భుజంలా ఉండదు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ | సోమవారం, ఉదయం 6:20

మేడం, నేను సినిమా బ్యానర్లు రాసిన మనిషిని. ఫ్లెక్సులు వచ్చి మా పని పోయేదాకా నలభై అడుగుల కటౌట్లు కూడా చేశాను. ముందు ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీ గది తలుపు కొలిచారా?

ఇక పని సంగతి. మా దగ్గరికి అరచేయంత ఫోటో వచ్చేది. దాని మీద గడులు గీసి, గుడ్డ మీద అన్ని గడులే పెద్దవిగా నూలు కొట్టి, గడికి గడి చూసి దించేవాళ్లం. నూలుకు నీలం పొడి పట్టించి రెండు కొసలా ఇద్దరు లాగి పట్టుకుని, నడుమ పైకెత్తి వదిలితే కొట్టినట్టు గీత పడుతుంది. స్కేలుతో తొమ్మిదడుగుల గీత గీయడానికి ప్రయత్నించకండి, తప్పకుండా వంకర పోతుంది.

గడులు కొలతను కాపాడతాయి గానీ బొమ్మను కాపాడవు. పరంజా మీద ఉన్నవాడికి హీరో ముక్కు తప్ప ఏమీ కనిపించదు. అందుకని మా ఉస్తాదు ప్రతి గంటకూ కిందికి దిగి, రోడ్డు దాటి, ఇరానీ హోటలు మెట్ల మీద నుంచి చూసి వచ్చేవారు. మీ గదిలో అంత దూరం దొరకదు కాబట్టి ఎదురుగోడకు నిలువుటద్దం పెట్టుకోండి. అద్దంలో చూస్తే దూరం రెట్టింపు అవుతుంది, బొమ్మ కుడిఎడమలు తారుమారై తప్పులు వెంటనే బయటపడతాయి.

బొగ్గుపుల్ల (నాంపల్లి) | సోమవారం, మధ్యాహ్నం 1:15

మేడం, నేను విద్యార్థిని మాత్రమే, పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించాలి. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో వేసిన మెదూసా తెప్ప చిత్రం మీకు తెలిసే ఉంటుంది. 1816లో మెదూసా అనే ఓడ ఇసుకతిన్నెలో చిక్కుకుపోగా 147 మంది ఒక తెప్ప మీద మిగిలి, పదమూడు రోజుల తరువాత పదిహేను మందే ప్రాణాలతో దొరికారు. ఆయన బతికి వచ్చినవారితో మాట్లాడాడు, తెప్ప నమూనా కట్టించుకున్నాడు, ఆసుపత్రిలో రోగుల్నీ, శవాగారంలో కళేబరాల్నీ చూసి బొమ్మలు గీసుకున్నాడు. అయినా ఆ కథలో ఏ ఘట్టాన్ని వేయాలన్నది ఆయనకు చాలాకాలం తేలలేదు. తెప్ప మీది తిరుగుబాటును గీశాడు, నరమాంస భక్షణను గీశాడు, పడవలో వచ్చి రక్షించడాన్ని గీశాడు, అన్నింటినీ పక్కన పెట్టాడు. చివరికి ఎంచుకున్నది దూరాన ఒక ఓడ గోరంత కనిపించి, అది తమను చూసిందో లేదో తెప్ప మీదివారికి తెలియని క్షణం. 1819లో ప్రదర్శించిన ఆ చిత్రం దాదాపు ఐదు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల వెడల్పు.

మీ చిత్రంలో ఆ క్షణం ఏది? నీరు పెరుగుతున్నప్పుడా, నిలిచిపోయినప్పుడా, తీస్తున్నప్పుడా? మాస్టారు కొలత గురించి చెప్పింది నిజమే గానీ, ఈ ప్రశ్న తేలకపోతే కొలత సరిపోయినా బొమ్మ నిలబడదని నా అభిప్రాయం.

నీలిమందు | సోమవారం, సాయంత్రం 5:05

బాబూ, నీ ప్రశ్న నా ప్రశ్న కంటే మంచిది. ఒప్పుకుంటున్నాను.

పురానాపూల్ | సోమవారం, రాత్రి 9:30

నేను చిత్రకారుణ్ణి కాను. మా కుటుంబం నాలుగు తరాలుగా నది పక్కనే ఉంటోంది కాబట్టి రాస్తున్నాను. ఆ వరదకు అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయి, 1578 నాటి పురానాపూల్ ఒక్కటి నిలిచింది. వరద తరువాత విశ్వేశ్వరయ్య గారు రావడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తి కావడం అందరూ చెప్పుకుంటారు. చెట్టు కథ కూడా అందరూ చెప్పుకుంటారు, ఎందుకంటే అది బతికినవాళ్ల కథ. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రోజు తల్లినీ, భార్యనూ, కూతురినీ వరదలో పోగొట్టుకుని ఒక్కరే మిగిలారు. మీ చెట్టు మీది నూట యాభై మందిలో ఎంతమంది పరిస్థితి అలాంటిదో ఆలోచించండి. బతికామన్న సంతోషం వాళ్ల ముఖాల మీద వేస్తే మాత్రం నేను ఆ బొమ్మ దగ్గర నిలబడలేను.

తెల్లగుడ్డ | మంగళవారం, రాత్రి 11:10

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే అటూ ఇటూ పైకప్పులూ, ఒక ఎద్దూ వేశాను, ఇప్పుడు నవ్వు వస్తోంది. ఒక కొమ్మనే తీసుకుని కొత్తగా నాలుగు చిత్తుబొమ్మలు వేశాను. మనుషులు దగ్గరికి వచ్చారు. పురానాపూల్ గారి మాట చదివిన తరువాత అందరి ముఖాలనూ నీటివైపు తిప్పాను, ఎవరూ మనవైపు చూడరు, ఒకరివైపు ఒకరు కూడా చూసుకోరు. క్షణం కూడా దొరికిందనుకుంటున్నాను. నీరు పెరగడం ఆగింది, కానీ ఆగిందని వాళ్లకు ఇంకా తెలియదు.

అయితే ఇప్పుడు వేరే చిక్కు వచ్చింది. నేను మనుషులు కనపడాలని కొమ్మలను మోడుగా వేశాను. సెప్టెంబరు నెలాఖరులో చింతచెట్టు మోడుగా ఉండదు కదా? నిండా ఆకు వేస్తే మనుషులు కనిపించరు, ఆకు తీసేస్తే అబద్ధం అవుతుంది.

చింతచిగురు (తార్నాక) | బుధవారం, ఉదయం 7:45

నేను వృక్షశాస్త్రం బోధిస్తాను, బొమ్మల గురించి నాకు తెలిసింది సున్నా. మీ అనుమానం సరైనదే. సెప్టెంబరులో చింత నిండు ఆకుతో ఉంటుంది, పూత అయిపోయి పచ్చి పిందెలు వేలాడుతూ ఉంటాయి. పండిన కాయ మాత్రం వేయకండి, అది సంక్రాంతి దాటాక మాట.

మీకు పనికివచ్చే విషయం మరొకటి ఉంది. చింత రాత్రిపూట నిద్రపోతుంది. పొద్దుగూకగానే ఈనెకు రెండు వైపులా ఉన్న చిట్టి ఆకులు ఒకదానికొకటి అంటుకుని ముడుచుకుంటాయి, తెల్లవారిన తరువాత విచ్చుకుంటాయి. ముడుచుకున్నప్పుడు అదే చెట్టు పలచబడి, కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. మీరు వేళను మార్చుకుంటే ఆకును తీసేయనక్కరలేదు.

చింతకొమ్మ గట్టితనం గురించి కూడా ఒక మాట. అంతమందిని మోసిందంటే ఆశ్చర్యం లేదు, ఆ చేవ రోకళ్లకూ, గానుగలకూ పనికివచ్చే చేవ. మునగచెట్టు ఎక్కించే అలవాటు మన వేదికలో ఎలాగూ లేదు, మీది అదృష్టవశాత్తూ చింతచెట్టు.

బొగ్గుపుల్ల | బుధవారం, ఉదయం 10:20

తెల్లవారుజాము అయితే వెలుతురు చిక్కు కూడా తీరుతుంది. 1908 సెప్టెంబరు 25న అమావాస్య. కాబట్టి ఆ రాత్రి వెన్నెల లేదు, తెల్లవారాక మబ్బు వల్ల ఎండ లేదు. పడే నీడలు ఉండవు. ఆకారాలను వెలుగునీడలతో కాక అంచులతోనూ, రంగు తేడాలతోనూ చెప్పాలి. మీ నీటిరంగుల అనుభవం ఇక్కడ అక్కరకు వస్తుందనుకుంటున్నాను.

అమావాస్య లెక్క చూస్తుండగా మరొకటి తట్టింది. అది భాద్రపద అమావాస్య, అంటే ఎంగిలిపూల బతుకమ్మ. రంజాను నెల కూడా అప్పుడే మొదలైంది. నీళ్ల మీద తంగేడు, గునుగు పూలు తేలుతున్నట్టు వేస్తే ఎంత బాగుంటుంది!

పురానాపూల్ | బుధవారం, మధ్యాహ్నం 2:50

వద్దు. పూలు చూడగానే చూసేవాడి కళ్లు చెమర్చుతాయి, అక్కడితో అతని పని అయిపోతుంది.

నీలిమందు | బుధవారం, సాయంత్రం 6:30

నేనూ వద్దనే అంటాను, కారణం వేరు. బూడిదరంగు, మట్టిరంగు తప్ప వేరే రంగు లేని చిత్రంలో రూపాయంత పసుపు పడితే తొమ్మిదడుగుల గుడ్డ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఆ పసుపును ఎక్కడ వాడాలన్నది చివరి వారం తేల్చుకోవలసిన విషయం, పిందె మీదనో, ఒక పంచె అంచు మీదనో. బొగ్గుపుల్ల వెతికి తెచ్చిన విషయం మాత్రం విలువైనది, చిత్రకారుడికి అది తెలిసి ఉండాలి, గుడ్డ మీదికి రావాలన్న నియమం లేదు.

సిద్దిపేట | గురువారం, ఉదయం 8:00

నమస్కారమండీ. మా ప్రాంతపు చేర్యాల నకాషీ పటాల పని దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి ఒక సూచన చేస్తాను. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి విప్పే పటం పదుల అడుగుల పొడవు ఉంటుంది. అంత పొడవు గుడ్డను చూసి నకాషీ చిత్రకారుడు బెదరడు, ఎందుకంటే తెల్లగుడ్డతో అతనికి ఎక్కువసేపు పని ఉండదు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి కలిపి పూతలు వేసి ఆరబెట్టి, బొమ్మల గీతలు పడగానే వెనుక నేలంతా ఎర్రరంగుతో నింపేస్తారు. ఆ ఎరుపు పడిన క్షణం నుంచి బొమ్మలు వాటంతట అవే ముందుకు వస్తాయి.

మీ తెలుపును మీరెందుకు అంతకాలం కాపాడుతున్నారు? మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో, అక్కడిది ఎర్రని మట్టి, వరదనీరు ఎలాగూ ఆ రంగు మోసుకొస్తుంది. గుడ్డ మొత్తానికి పలచగా జేగురు పూయండి. నీళ్ల రంగు సగం అక్కడే వచ్చేస్తుంది.

నీలిమందు | గురువారం, ఉదయం 9:15

అద్భుతమైన సూచన. దానికి పని వివరాలు చేరుస్తాను. ఆ జేగురు పూతకు టర్పెంటైను ఎక్కువ, నూనె దాదాపు లేకుండా కలిపి, బట్టతో తుడిచినంత పలచగా వేయండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి. పై పొరలకు వెళ్లేకొద్దీ లిన్సీడు నూనె పెంచుతూ పోవాలి. పలచన మీద చిక్కన అన్న నియమం తప్పితే, కింది పొర ఆరేలోపే పై పొర గట్టిపడి, కొన్నేళ్లకు నెర్రెలు విచ్చుతుంది. అడుగు చీకట్లకు అంబరు అనే ముదురు మట్టిరంగు వాడితే అందులోని మాంగనీసు వల్ల త్వరగా ఆరుతుంది. జింకు తెలుపును కింది పొరల్లో వాడకండి, అది నూనెలో పెళుసుబారుతుంది, పైగా మీ గుడ్డను ఎప్పుడో ఒకప్పుడు చుట్టవలసి వస్తుంది. టైటానియం తెలుపు చాలు.

తెల్లగుడ్డ | మూడు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 8:25

ఆలస్యానికి మన్నించండి. ముందుగా చెట్టు సంగతి. బాగ్‌లింగంపల్లిలో మాకు తెలిసినవారి వీధి చివర ఒక చింతచెట్టు ఉంది. ఫ్లాస్కులో టీ, మడత కుర్చీ తీసుకుని తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి దాని కింద కూర్చున్నాను. ఎదురు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి ఎవరి కోసమని అడిగి, నేను చెప్పిన జవాబు విని మూడోసారి రాలేదు. చీకట్లో ఆకులు జంటజంటలుగా మూసుకుని, ఈనెలు వడిలినట్టు కిందికి వాలి ఉన్నాయి. కొమ్మల మధ్య ఆకాశం ముక్కలు స్పష్టంగా కనిపించాయి. వెలుతురు వస్తున్నకొద్దీ గీసుకుంటూ ఉండగా, గీసిన చోటు మళ్లీ చూసేసరికి ఆకాశం ముక్క చిన్నదైంది. ఆకు విచ్చుకోవడం కంటికి తెలియలేదు గానీ, నేను బొమ్మ పూర్తి చేసేలోపు పైన దాదాపు కప్పు పడిపోయింది. నా చిత్రంలో ఆకులు సగం విచ్చుకుని ఉంటాయి. ఇంకాసేపట్లో ఆ మనుషులు ఆకుల్లో దాగిపోతారు. ఇది నేను కూర్చుని ఆలోచించి ఉంటే తట్టేది కాదు.

జేగురు పూసిన రోజు గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. రెండు గంటల పని. పాత లుంగీ గుడ్డతో తుడిచాను. పూసిన తరువాత గదిలోకి వెళ్లాలంటే భయం వేయలేదు, అంతే.

తరువాత నూలు కొట్టాం. నీలం కాకుండా సుద్దపొడి వాడాను, ఎరుపు మీద తెల్లగా కనిపిస్తుందని. మొత్తం మనుషులు పదమూడు మంది, పై అంచు నుంచి వేలాడే పాదాలు ఐదు జతలు. నీటి అంచును ముందు అనుకున్నదానికంటే బాగా పైకి జరిపాను. చూసేవాడి కన్ను కొమ్మ మీది మనిషి కన్ను ఎత్తులో ఉండాలని, అంటే అతనూ చెట్టు మీదే ఉన్నట్టు. దీనితో ఒడ్డు అన్నది చిత్రంలో లేకుండా పోయింది.

చేతులే చిక్కు పెడుతున్నాయి. కొమ్మను పట్టుకున్న చేయి అనగానే నా చేయి పిడికిలి వేస్తోంది. ఎడమచేత్తో కిటికీ ఊచకు బరువంతా వేలాడదీసి, కుడిచేత్తో దానిని గీసి చూశాను. గంటసేపు పట్టుకున్న చేయి పిడికిలిలా ఉండదు. వేళ్లు తెరుచుకుంటాయి, బరువు మణికట్టు మీదికి జారుతుంది, బొటనవేలు పనిచేయడం మానేస్తుంది. పదమూడు మందిలో తొమ్మిది మంది చేతుల్ని మళ్లీ గీయాలి.

అనుమానాలు పోలేదు. కుడివైపు మూలలో నీరు తప్ప ఏమీ లేని రెండడుగుల మేర ఉంది, దానిని అలాగే వదిలే ధైర్యం నాకు ఉంటుందో లేదో చెప్పలేను. రోజూ రాత్రి అక్కడ ఏదో ఒకటి వేయాలనిపిస్తోంది.

పురానాపూల్ | ఆదివారం, రాత్రి 9:40

వదిలేయండి. అక్కడ ఎవరు ఉండాలో మా ఇళ్లలో తెలుసు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ | సోమవారం, ఉదయం 6:05

మేడం, చేతుల సంగతి బాగా పట్టుకున్నారు. పాదాలకు కూడా ఎవరినైనా నిజంగా ఎక్కించి చూడండి, ఊహించి వేస్తే నేల మీద నిలబడ్డ పాదమే వస్తుంది. నేను మొదట అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

తెల్లగుడ్డ | సోమవారం, రాత్రి 10:15

కొలిచాను సార్. గుమ్మం ఆరున్నర అడుగుల ఎత్తు, కాబట్టి దాటుతుంది. మెట్ల మలుపు దగ్గర మాత్రం తొమ్మిదడుగులు తిరగదు. చట్రం విప్పి గుడ్డను చుట్టక తప్పదు. పాదాలకు పై అంతస్తు పిల్లవాడు జామచెట్టు ఎక్కి కూర్చుంటానన్నాడు, గంటకు ఒక ఐస్‌క్రీము ఒప్పందం. చుట్టేటప్పుడు రంగు వైపు లోపలికి ఉండాలా, బయటికా? గొట్టం ఎంత లావుది తీసుకోవాలి?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ | మంగళవారం, ఉదయం 6:10

రంగు వైపు బయటికే ఉండాలి మేడం, లోపలికి చుడితే రంగు నలిగి ముడతలు పడుతుంది. గొట్టం ఎంత లావైతే అంత మంచిది, దొరికినవాటిలో పెద్ద పీవీసీ గొట్టం తీసుకోండి. కానీ పూర్తిగా ఆరేదాకా ఆ మాట ఎత్తవద్దు, అది వచ్చే ఏడాది సంగతి. జామకొమ్మ చింతకొమ్మ కాదు, పిల్లవాణ్ణి కింది కొమ్మ మీదే కూర్చోబెట్టండి.